దస్తగీర్ అన్న మెహమానీ గడువు రద్దు చేయించుట గురించి

హుస్సేనీ ఆలం,
హైదరాబాద్ పాతబస్తీ.

గౌరవనీయులైన పర్యవేక్షణాధికారి గారికి,
‘సాయంనీడ’ వృద్ధాశ్రయ గృహం,
మలక్‌పేట.

అయ్యా,

విషయం: మా ఇంటి పెద్ద అయిన దస్తగీర్ అన్నను ఇంటి నుంచి తొలగించినట్లు తలుపు గంట యంత్రము ఫోనులో పంపిన ఉత్తర్వును తమ సంతకంతో, గుండ్రటి ముద్రతో రద్దు చేసి, ఆయనను తిరిగి ఇంటికి పంపించుట గురించి మనవి.

కింద సంతకం చేసిన కొండల్ అను నేను, హుస్సేనీ ఆలం గల్లీలో బర్రెలు పెట్టుకొని పాలు అమ్ముకొని బతుకుచున్న వాడనై, తమ సముఖమునకు సవినయముగా తెలియజేయునది ఏమనగా:

1. తమ గృహంలో మగవారి గదిలో, కిటికీ పక్క మంచం మీద ఉన్న దస్తగీర్ అనే పెద్దమనిషి మా ఇంటివారు. తమ రికార్డులో ఆయన పేరు ఎదురుగా "ఇల్లు లేదు, అయినవాళ్ళు లేరు" అని రాసి ఉన్నట్టు ఆఫీసులోని కృపాకర్ గారు నాకు చెప్పారు. ఆ రెండు మాటలూ తప్పు. ఇల్లుంది. మేడ మీద ఆయన గది ఉంది, అందులో ఆయన మంచం, కుండ, నమాజు చాప ఎక్కడివక్కడే ఉన్నాయి. అయినవాళ్ళం మేమున్నాం. కావున రికార్డు సవరించవలెనని మొదటి మనవి.

2. సదరు దస్తగీర్ అన్న తండ్రి, మా నాయన దగ్గర మేడ మీది గది కిరాయికి తీసుకున్నారు. అప్పటికి నేను పుట్టలేదు. నేను పుట్టిన నాడు మంత్రసానిని ఉరుక్కుంటూ పోయి పిలుచుకొచ్చింది దస్తగీర్ అన్నేనని మా అమ్మ చెప్పేది. అనగా ఆ ఇంట్లో చేరిన వరుస చూస్తే ఆయన నాకంటే ముందు. తరువాత వచ్చినవాణ్ణి నేను. ఈ సంగతి తమరు దయచేసి గుర్తుంచుకోవలెను, ఎందుకంటే ఎవరు ఎవరింట్లో ఉంటున్నారన్న లెక్క మాకు ఇంతకాలం పట్టలేదు, ఇప్పుడు ఆఫీసుల్లో పట్టవలసి వస్తోంది.

ఆయన చార్మినార్ దగ్గర లక్క గాజులకు అద్దాలు అతికించే పని చేసేవారు. చూపు తగ్గి ఆ పని మానుకున్నారు. భార్య మహబూబున్నీసా వదిన కాలం చేశారు. పిల్లలు లేరు. తరువాత మోకాళ్ళు పట్టేసినాయి. కింద దర్వాజా కొట్టింది ఎవరో చూద్దామని ఆయన గోడ పట్టుకొని ఒక్కో మెట్టు దిగేలోపు వచ్చినవాళ్ళు వెళ్ళిపోయేవారు. పాత దోస్తులు రెండుసార్లు వచ్చి, తలుపు తీయలేదని మళ్ళీ రావడం మానేశారు. "తలుపు కాడికి ఎవరొచ్చిన్రో తెల్వని బతుకు గూడ ఒక బతుకేనారా కొండలూ" అని ఆయన అన్నప్పుడు నాకు మస్తు బాధ అయ్యింది. అర్జీలో మస్తు అని రాయకూడదని నా కొడుకు అంటున్నాడు. బాధ మస్తే అయ్యింది కాబట్టి ఉండనివ్వవలెను.

3. సెల్లు దుకాణంలో పనిచేసే నా కొడుకు మురళి ఈ కారణం చేతనే దర్వాజాకు కొత్త రకం గంట బిగించాడు. దానికి కన్ను ఉంది, చెవి ఉంది, నోరూ ఉంది. బయట బొత్తాం నొక్కితే లోపలి వాళ్ళ ఫోనులో మనిషి కనిపిస్తాడు. ఫోనులో మనం మాట్లాడితే గంట మాట్లాడుతుంది. ఒక గంటను ఎందరి ఫోనుల్లోనైనా చూసుకోవచ్చు, అయితే ‘ఓనర్’ అనే వాడు ఒక్కొక్కరికీ అనుమతి ఇవ్వాలి. మురళి నా ఫోను మీద మొదలుపెట్టాడు గనుక నేను ఓనర్‌ను అయ్యాను. నన్ను మా బర్రెలు కూడా ఎన్నడూ ఓనర్‌గా ఒప్పుకోలేదు. దుకాణంలో పాతబడిన ఒక ఫోనును మురళి బాగుచేసి, ఉర్దూ అక్షరాలు వచ్చేటట్టు పెట్టి, దస్తగీర్ అన్నకు ఇచ్చాడు. ఇక అనుమతి ఇవ్వడం ఒక్కటే మిగిలింది.

4. తప్పు జరిగింది ఇక్కడే. తమరు కొంచెం నిదానించి చదవవలెను.

మురళి దుకాణం నుంచి ఫోన్ చేసి, "నాయనా, పెద్దబాపు నంబరు కొట్టు. కింద రెండు గళ్ళు వస్తయ్. ఒకటి ఒత్తు. గంతే" అన్నాడు. "ఏది ఒత్తాలె రా?" అని నేను అడిగేలోపే గిరాకీ వచ్చిందని పెట్టేశాడు. నా ఫోనులో అక్షరాలు తెలుగులో వస్తాయి. ఒక గడిలో ‘కుటుంబ సభ్యుడు’ అని, ఇంకో గడిలో ‘అతిథి’ అని ఉంది. "దస్తగీర్ ఎవరు?" అని ఫోను నన్ను అడుగుతోంది.

నేను చాలాసేపు ఆలోచించాను. కుటుంబ సభ్యుడు అంటే నేను పొద్దున లేచి కసురుకునేవాడు. మురళి కుటుంబ సభ్యుడు, వాడికి నేనెన్నడూ మంచినీళ్ళు ఇచ్చి కూర్చోమనలేదు. దస్తగీర్ అన్న వయసులో పెద్ద, ఆయనకు ఆయన ఖాందాన్ ఉంది, తండ్రి పేరుంది. అంతటి మనిషిని తీసుకొచ్చి ‘ఓనర్ కొండల్’ కింద, నా భార్యాబిడ్డల వరుసలో, నా తాబేదారులాగా రాయించడం నాకు బేఅదబీ అనిపించింది. అతిథి అనే మాటలో మర్యాద ఉంది. అతిథి వస్తే మంచం వాలుస్తాం, ముందు గ్లాసు ఆయన చేతికే ఇస్తాం. కాబట్టి అయ్యా, గౌరవం కొద్దీ అతిథి అన్న గడిని ఒత్తాను. అతిథికి గడువు ఉంటుందనీ, అది ముగిస్తే యంత్రమే బయటికి పంపిస్తుందనీ ఆ గడిలో ఎక్కడా రాసి లేదు. ఉన్నా చిన్న అక్షరాల్లో ఉండి ఉంటుంది.

5. ఆ గంట వచ్చాక దస్తగీర్ అన్న ముఖంలో కళ వచ్చింది. పొద్దున టీ తాగి ఫోను పట్టుకొని కూర్చుంటే మధ్యాహ్నం దాకా దర్వాజా ఆయనదే. పాలకు వచ్చినవాళ్ళు బొత్తాం నొక్కగానే, "సలాం వాలేకుం! కొండలు పాలు పిండుతున్నడు, గిన్నె గట్టు మీద పెట్టి పోండ్రి" అని గంటలోంచి వినిపించేది. కొత్తవాళ్ళు జడుసుకునేవారు. ఒకసారి, "అరే కొండలూ! నీ బర్రె గాజుల దుకాన్ల తలకాయ పెట్టింది, ఉరుకు రా సోమరోడా!" అని గల్లీ అంతా వినపడేటట్టు అరిచారు. నిజంగానే పెట్టింది. మా ఇంటావిడ బుచ్చమ్మ అయితే, "మా అత్త ఉన్నప్పుడు గూడ తలుపు కాడ గింత కాపలా లేకుండె" అని నవ్వేది.

ఆడవాళ్ళు వస్తే మాత్రం ఆయన ఫోను బోర్లా వేసేవారు. "బేటీ, ఫోను బోర్లేసిన, నేను చూస్తలేను, ఏం కావాల్నో చెప్పు" అనేవారు. మా గల్లీలో బురఖా లేకుండా గడప దాటని ఆడవాళ్ళు కూడా ఆ మాట విని నింపాదిగా ముచ్చట పెట్టి పోయేవారు. యంత్రానికి కూడా పర్దా నేర్పిన మనిషి అయ్యా ఆయన. అలాంటి మనిషి తమ దగ్గర నోరు మూసుకొని కూర్చున్నాడంటే ఆయన లోపల ఏమవుతున్నదో తమరే ఊహించుకోవలెను.

6. నా బామ్మర్ది వైకుంఠం ఇళ్ళు కట్టి అమ్మే వాళ్ళ దగ్గర పనిచేస్తాడు. ఒకనాడు వచ్చి, లోపలికి రాకుండా దర్వాజా ముందే నిలబడి, సరిగ్గా ఆ గంట పక్కనే నిలబడి, "బావా, గీ పాతకొంప కూలగొట్టి ఫ్లాట్లు లేపుదాం. మీదున్న ముసలాయనను ముందు ఖాళీ చేపియ్యి" అన్నాడు. బర్రె గొలుసు తెంపుకున్నట్టు చప్పుడైతే నేను మాట్లాడకుండా కొట్టంలోకి పోయాను. వాడు నా వెనకాలే వచ్చాడు. అక్కడ వాడికి నేను చెప్పిన జవాబు: "దస్తగీర్ అన్న ఉన్నన్ని దినాలు గీ ఇంటికెల్లి ఒక్క ఇటుక గూడ కదలది. ఇంకోసారి ఆ మాటన్నవంటే నువ్వే ఖాళీ అయితవ్." బుచ్చమ్మ సాక్షి. బర్రెలు కూడా సాక్షులే గానీ వాటి సంతకాలు తేలేను.

గంట దగ్గర మాట్లాడిన మాటలు గంటలోనే నిలిచి ఉంటాయని మురళి తరువాత విప్పి వినిపించాడు. వైకుంఠం అడిగింది మొత్తం ఉంది. ఆ వేళ దస్తగీర్ అన్న ఫోను తెరిచి వింటున్నట్టు కూడా అందులో చూపిస్తోంది. ఆ తరువాత మా ఇద్దరి చెప్పుల చప్పుడు దూరమైపోయి, ఖాళీ గల్లీ కనిపిస్తుంది. నా జవాబు అందులో లేదు అయ్యా. గంటకు కొట్టం దాకా వినపడదు.

7. ఆ మరునాడే యంత్రం దృష్టిలో ఆయన గడువు ముగిసింది. ఆయన వదిలిపోయిన ఫోనులో ఉర్దూలో వచ్చిన మాటలు, మా పాలు తీసుకుపోయే ఆటో ఇమ్రాన్ తరువాత చదివి చెప్పాడు: "ఆప్ కీ మెహమానీ కీ ముద్దత్ ఖతమ్ హో చుకీ హై. ఆప్ కో కొండల్ కే ఘర్ సే హటా దియా గయా హై." మీ మెహమానీ, అనగా అతిథిగా ఉండే గడువు ముగిసింది, మిమ్మల్ని కొండల్ ఇంటి నుంచి తొలగించడమైనది అని దాని అర్థం. చదివిన ఇమ్రాన్ నా ముఖం చూడలేక ఆటో తుడుచుకున్నాడు. నేను తెలుగులో మర్యాదకు ఒత్తిన అతిథి ఉర్దూలోకి పోయేసరికి గడువున్న మెహమాన్ అయ్యాడు. పైగా నా పేరుతో అయ్యాడు. ముందునాడు ఖాళీ చేయించమన్న మాట విన్న మనిషికి, మర్నాడు పొద్దున ఇలాంటి ఉత్తర్వు అందితే ఆయన ఏమనుకోవాలి? నేనైనా అదే అనుకునేవాణ్ణి.

8. నేను పాలు పోసి రావడానికి పోయిన వేళ ఆయన గది ఊడ్చి, మెట్లు దిగి వచ్చి, మా తలుపు కొట్టారు. ఆయన మా తలుపు కొట్టడం అదే మొదలు. పిలుస్తూ లోపలికి రావడమే గానీ తలుపు కొట్టి, జవాబు వచ్చేదాకా బయట నిలబడటం ఆయనకు లేదు. బుచ్చమ్మ చేతికి తాళంచెవి, మురళి ఇచ్చిన ఫోను ఇచ్చి, "బుచ్చమ్మా, మా దోస్తు బిడ్డ లుబ్నా తాన కొన్నొద్దులు ఉంట. కొండలుకు నా సలాం చెప్పు" అన్నారు. "ఏందన్నా కొత్తగ, సలాం గిలాం అంటున్నవ్? ఉండు, ఆయనొస్తడు, దించి వస్తడు" అని బుచ్చమ్మ అంటే, "నక్కో బహెన్, వానికి పని ఉంటది" అని వెళ్ళిపోయారట. అది మా ఇంట్లో ఆయన మాట్లాడిన ఆఖరు మాట. లుబ్నా దగ్గరికి ఆయన పోనేలేదని సాయంత్రం ఫోన్ చేస్తే తెలిసింది.

9. మేము వెతకని జాగా లేదు. మురళి ఆ యంత్రంలో ఆయన పేరును ఈసారి కుటుంబ సభ్యుడు అన్న గడిలో పెట్టి మళ్ళీ ఆహ్వానం పంపించాడు. ఆ ఆహ్వానం మా అల్మారాలో ఉన్న ఆయన ఫోనుకే వచ్చి టింగుమంది. ‘జవాబు కోసం వేచి ఉన్నాము’ అని నా ఫోను ఇప్పటికీ చూపిస్తోంది. నేనూ అదే పనిలో ఉన్నాను.

10. మలక్‌పేట దిక్కు సవారీకి పోయిన ఇమ్రాన్, తమ గృహం వరండాలో ఎండకు కూర్చున్న దస్తగీర్ అన్నను గుర్తుపట్టాడు. బస్టాపులో జ్వరంతో పడి ఉంటే తమవాళ్ళు తెచ్చి మందులు ఇప్పించారని తెలిసింది. ఆ పుణ్యానికి తమకు, తమ సిబ్బందికి చేతులెత్తి మొక్కుతున్నాను. నేను వెంటనే వచ్చాను. లోపల జరిగిన సంభాషణ ఈ విధముగా ఉన్నది:

"మీరు ఆయనకు ఏమైతరు?" అని కృపాకర్ గారు అడిగారు.

"తమ్ముణ్ణి."

"పేరేమో కొండల్ అంటున్నరు."

"పేరు కొండలే. అయితే తమ్ముణ్ణి కానా?"

"రక్తసంబంధమా అని అడుగుతున్న అన్నా."

"ఒక్క ఇంట్ల పుట్టి పెరిగినం. చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను బుజం మీద ఏసుకొని దవఖానకు పోయిండు. గిది సాలదా?"

కృపాకర్ గారు చెడ్డవారు కారు. నిదానంగానే చెప్పారు: "కుటుంబ సభ్యులకు తప్ప అప్పగించనీకి రూల్ లేదు. ఆయనను గూడ అడిగిన. ఇంటి మాలిక్ మంచోడే, నేను వాళ్ళింట్ల మెహమాన్ ఉంటిని, టైం అయిపోయింది అన్నడు. ఆయనకు రానీకి ఇష్టం లేకుంటే నేనేం జేయాలె?"

అప్పుడు నేను బల్ల గుద్ది లొల్లి చేసిన మాట వాస్తవం. నీళ్ళ గ్లాసు పడిన మాటా వాస్తవం. అందుకు క్షమించవలెను. కాని అయ్యా, నా కడుపు మంట కూడా చూడవలెను. ఫోను అడిగినప్పుడు అతిథి అన్నాను. కృపాకర్ గారు అడిగినప్పుడు కుటుంబ సభ్యుడు అన్నాను. తప్పుడు మాటను ఫోను ఒక్క క్షణంలో నమ్మింది. నిజం చెప్తే సంతకాలు, రుజువులు కావాలంటున్నారు. ఆ రోజు లోపలికి కబురు పంపితే, ఆయన పడుకున్నారని జవాబు వచ్చింది. పగటిపూట పడుకునే అలవాటు ఆయనకు లేదు.

11. పై పరిస్థితులలో నేను తమను కోరునది:

(అ) దస్తగీర్ అన్నకు రాతపూర్వకమైన మాట అంటే గురి. నోటిమాటగా ఎవరు ఏం చెప్పినా, "కాగజ్ ఏమంటది?" అని అడిగే మనిషి. ఆయనను తొలగించినట్టు రాత వచ్చింది కాబట్టి, తొలగించలేదని కూడా రాతే రావాలి. నేను రాసిస్తే మొహమాటానికి రాశాననుకుంటారు. కాబట్టి తమరు తమ ముద్రతో ఈ కింది విధంగా ఉత్తర్వు ఇవ్వవలెను: "దస్తగీర్ గారిని హుస్సేనీ ఆలంలోని ఇంటి నుంచి ఎవరూ తొలగించలేదు. తొలగించే అధికారం కొండల్‌కు గాని, వైకుంఠానికి గాని, ఏ గంటకు గాని లేదు. సదరు మెహమానీ అనునది ఎన్నడూ లేదు గనుక దానికి గడువు కూడా లేదు." ఉర్దూలో కూడా ఉంటే మంచిది.

(ఆ) నా జవాబు గంటలో పడలేదు కాబట్టి, వైకుంఠాన్ని మళ్ళీ పిలిపించి, అదే జాగాలో నిలబెట్టి, అదే మాట మళ్ళీ అడిగించి, ఈసారి కొట్టంలోకి పోకుండా గంట ముందరే నా జవాబు చెప్పాను. వాడు సిగ్గుపడి మెల్లగా అడిగితే గట్టిగా అడుగుమన్నాను. గల్లీ వాళ్ళు చూసి మాకు పిచ్చి పట్టిందనుకున్నారు. దానిని మురళి ఒక ఫోనులో ఎక్కించి ఇచ్చాడు. తమ సమక్షంలో ఆయనకు వినిపించవలెను.

(ఇ) చలికి ఆయనకు దగ్గు తిరగబెడుతుంది. తాగడానికి వేడినీళ్ళు ఇప్పించవలెను. అడగరు. ఏదీ అడగరు. అడగకుండానే ఇప్పించవలెను.

(ఈ) రక్తసంబంధం లేనివారికి అప్పగించే రూలు లేకుంటే, ఆయనను నాకు అప్పగించవద్దు. నన్నే ఆయనకు అప్పగించండి. చిన్నవాణ్ణి పెద్దవాళ్ళకు అప్పగించడానికి ఏ రూలూ అడ్డం రాదని నా మనవి.

తమరు ఎందరో ఇల్లు లేనివారికి నీడ ఇస్తున్నారు. ఇల్లు ఉన్నవాడు ఆ నీడలో ఉంటే ఇంకొకరి మంచం తక్కువవుతుంది. ఈ ఒక్క మంచం ఖాళీ చేయించి పుణ్యం కట్టుకోవలసిందిగా కోరుతూ, పాలు అమ్ముకునేవాడి ఈ అర్జీని విసుగుపడక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కొండల్
(దస్తగీర్ గారితో సంబంధం: తమ్ముడు. ఇది అబద్ధమని తేలితే నా మీద కేసు పెట్టవచ్చును.)

తా.క. సారూ, పైన ఉన్నదంత మురళి పక్కన కూసుండి సక్కగ రాయించిండు. గిది మాత్రం నేను మీ ఆఫీసు వరండాల కూసొని రాస్తున్న. వానికి తెల్వది.

అర్జీ ఇయ్యనీకి వస్తే కృపాకర్ సారు పాపం, జరసేపు లోపలికి పోయి చూసి రమ్మన్నడు. దస్తగీర్ అన్న మంచం మీద కూసున్నడు. బక్కగయ్యిండు. నన్ను చూసి లేచి నిలబడ్డడు సారూ. మోకాళ్ళ మీద చేతులు పెట్టి, పండ్లు గట్టిగ పట్టి, నా కోసం లేచి నిలబడ్డడు. నా లగ్గం నాడు గూడ నాకు లేవలే ఆయన. ఆడ ఉన్నది ఒక్కటే కుర్చీ. దాన్ని నా దిక్కు జరిపి, కూసోమని "ఆయియే కొండల్ సాబ్, తష్రీఫ్ రఖియే" అన్నడు.

"అన్నా, నేను కొండలును" అన్న. "జీ హాఁ, ఘర్ మే సబ్ ఖైరియత్?" అని అడిగిండు. ఇంట్ల అందరు మంచిగున్నరా అని, దారిన పోయేటోన్ని అడిగినట్టు అడిగిండు. వైకుంఠం ముచ్చట, గంట ముచ్చట అన్నీ చెప్పాలని పోయినోన్ని, "అంత మంచిదే" అని చెప్పి బయటికొచ్చిన. గేటు కాడ వాచ్‌మన్ ముందట్నే ఏడ్చిన, సిగ్గు గూడ కాలే.

ఆర్డరు మీకు వీలైనప్పుడు ఇయ్యుండ్రి. ముద్ర లేకున్నా పర్వాలేదు. ఆయన ఇంటికి రానంటే గూడ సరే, ఈడ్నే ఉండనియ్యుండ్రి, నేనే రోజూ పాలు తెచ్చి పోస్త. గని ఇయ్యాల మీరు ఒక్కపారి ఆయన మంచం కాడికి పోయి జర చెప్పుండ్రి సారూ, నన్ను సాబ్ అనొద్దని.